రిటర్న్ సరుకు లాట్లు: 42 వేలు పెట్టి నేను నేర్చుకున్న లెక్క

అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. ఈ నెలలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, బెంగళూరులో ఆన్‌లైన్ రిటర్న్ సరుకు లాట్లుగా అమ్ముతారంట గదా, లక్షన్నర మాలు నలభై వేలకే ఇస్తారంట, తెచ్చి మనూర్లో అమ్ముకుంటే ఎట్లుంటుంది?" అని. ఉరవకొండ దగ్గర పల్లె నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసినాడు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం లేదు, నాయన వేసిన శెనక్కాయ ఎండిపోయింది. వాళ్లమ్మ గాజులు బ్యాంకులో పెట్టి డబ్బు తెచ్చుకున్నాడు. శుక్రవారం బెంగళూరు పోతున్నాడంట. ఆ పిల్లోని కోసమే ఈ వీడియో అనుకోండి. ఎందుకంటే, గాజులు నేనూ పెట్టినా.

ముందు ఈ సరుకు యాడ నుంచి వస్తుందో చూద్దాం. మనం ఫోన్లో ఒకటి నొక్కుతాం, వస్తుంది, నచ్చదు, వెనక్కి పంపిస్తాం. డబ్బు మన ఖాతాలో పడుతుంది, మనం మర్చిపోతాం. ఆ వస్తువు మాత్రం ఎక్కడో ఒక గోదాములో కూర్చుంటుంది. మళ్లీ పరీక్ష చేయాలి, ప్యాక్ చేయాలి, కొత్తదని అమ్మడానికి వీలుకాకపోవచ్చు. ఒక్కోదానికి మనిషిని పెట్టి చూసేకంటే, వంద కలిపి "ఉన్నది ఉన్నట్టు" అని అమ్మేయడం కంపెనీకి చవక. ఇది మన దేశంలోనే కాదు. అమెరికాలో రిటైల్ సంఘం వాళ్లు 2024కి వేసిన అంచనా ప్రకారం అక్కడ ఒక్క సంవత్సరంలో తిరిగొచ్చే సరుకు 89,000 కోట్ల డాలర్లు, మొత్తం అమ్మకాల్లో దాదాపు 17 శాతం. అక్కడ చెక్క ప్యాలెట్ మీద పేర్చి, ప్లాస్టిక్ చుట్టి, వేలంలో అమ్ముతారు. ఆ పెట్టెలు విప్పే వీడియోలు మీరంతా చూసే ఉంటారు. ఒక పెట్టెలో ల్యాప్‌టాప్, ఇంకో పెట్టెలో కెమెరా, వాడు ఎగిరి గంతులేస్తాడు. వీడియో చూసేవాళ్ల నుంచి వచ్చే ఆదాయం వానికి వేరే ఉంటుందప్పా. మనకు పెట్టెలో ఉన్నదే ఆదాయం.

ఇంగ మన సంగతి. రిటర్న్ సరుకులో రెండు జాతులు ఉంటాయి, ఈ తేడా తెలియకుండా బండి ఎక్కొద్దు.

ఒకటి, అసలు విప్పనే విప్పని పార్సిల్. దీన్ని ఈ వ్యాపారంలో ఆర్‌టీఓ అంటారు, రవాణా ఆఫీసు కాదు, పంపినవానికే తిరిగిపోయినది అని అర్థం. మన పల్లెల్లో ఇది ఎట్లా జరుగుతుందో మీకు తెలుసు. క్యాష్ ఆన్ డెలివరీ పెడతారు. డెలివరీ పిల్లోడు పదకొండు గంటలకు వస్తాడు, ఇంట్లోవాళ్లు చేనికి పోయింటారు. లేదంటే బుక్ చేసినప్పుడు చేతిలో ఉన్న ఆరు వందలు వచ్చేసరికి ఖర్చయిపోయింటాయి. పార్సిల్ వెనక్కి. లోపల వస్తువు కొత్తదే. ఇది మంచి సరుకు.

రెండోది, కస్టమర్ విప్పి, వాడి, తిట్టుకుని పంపినది. ఇందులో మళ్లీ నిజంగా చెడిపోయినవి ఉంటాయి, ఏమీ కాకుండానే తిరిగొచ్చినవీ ఉంటాయి. ఆ ఏమీ కానివాటిలోనే మన బతుకు ఉంది. ఒక ఉదాహరణ చెప్తా. మిక్సీ అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది, చూసినారా? పిండి గట్టిగా ఉండి మోటారు మీద బరువు ఎక్కువ పడితే అది దానంతటదే ఆగిపోతుంది. కాసేపు చల్లారనిచ్చి ఆ బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది. ఇది తెలియక "పనిచేయడం లేదు" అని రాసి పంపించేస్తారు. నా చేతికొచ్చిన మిక్సీల్లో ఇట్లాంటివి ఎన్నో. ఇండక్షన్ స్టవ్ కూడా అంతే. అయస్కాంతం అతుక్కోని అల్యూమినియం గిన్నె పెడతారు, అది కీక్ కీక్ అని ఎర్రర్ చూపిస్తుంది, స్టవ్ పాడైందని రిటర్న్. వస్తువుకు రోగం లేదు, వాడినవాళ్లకు చెప్పినవాడు లేడు, అంతే.

మరి అట్లాంటి మంచి సరుకు మనదాకా ఎందుకు రానిస్తారు? ఇదే అసలు ప్రశ్న. రానీయరు. పెద్ద కంపెనీలకు ఈ సరుకు విలువ మనకంటే ముందే తెలుసు. ఫ్లిప్‌కార్ట్ 2018 ఆగస్టులో ఈబే ఇండియాను మూసేసి, రిపేర్ చేసిన వస్తువులు అమ్మడానికి 2గుడ్ అని మొదలుపెట్టింది. 2022 జనవరిలో పాత ఫోన్ల రిపేర్ చేసే యంత్ర అనే కంపెనీని కొనింది. అంటే ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, బాగుచేస్తే పదివేలు పలికేవి వాళ్లే తీసుకుంటారు. మిగిలింది పెద్ద టోకు వ్యాపారి కొంటాడు. వాడు గోదాములో పదిమంది పిల్లోళ్లను పెట్టి ఏరతాడు, మంచివి తీసుకుంటాడు. మిగిలింది రెండో వ్యాపారికి. వాడూ ఏరతాడు. ఆ తర్వాత టేప్ వేసిన పెట్టెలు మన ముందుకొస్తాయి. పాలు కాచి మీగడ తీసి, తోడేసి వెన్న తీసి, ఆఖరుకు మజ్జిగ మన గ్లాసులో పోసి "పాలే బ్రదర్" అంటారు. మజ్జిగ తాగడం తప్పు కాదు. మజ్జిగ రేటు ఇచ్చి తాగాల.

నేను పాల రేటు ఇచ్చినా. లెక్క మొత్తం చెప్తా, రాసుకోండి.

నా మొదటి లాటు, ఇంటి సామాన్లు. మిక్సీలు, ఐరన్ బాక్సులు, కెటిల్స్, ఒకట్రెండు ఇండక్షన్ స్టవ్‌లు. మొత్తం 48 పీసులు. లిస్టు ఇచ్చినారు, ఎంఆర్‌పీ మొత్తం 1,62,000. నాకు చెప్పిన రేటు 42,000. నా కళ్లు ఆ రెండు అంకెల మధ్యనే తిరిగినాయి. పెట్టెలు విప్పి చూపించమంటే, "విప్పితే రేటు వేరే, సీల్ మీదనే తీసుకోవాల" అన్నాడు. సరేలే అనుకున్నా. బండి బాడిగ 2,800, ఎత్తిదించే కూలి 400, నా దారి ఖర్చు 400. మొత్తం 45,600 అయింది. అంటే ఒక్కో పీసు నాకు 950 పడింది. ఎంఆర్‌పీ చూస్తే ఒక్కోటి సగటున 3,375. మూడు రెట్లకు పైనే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

పొద్దున్నే మా ఇంటి వరండాలో విప్పినాం, నేనూ మా తమ్ముడూ. 17 బాగున్నాయి. 13 చిన్న రిపేర్. 10 విడిభాగాలకు తప్ప పనికిరావు. మిగిలిన 8 ఉన్నాయే, వాటిలో లిస్టులో రాసిందే లేదు. మిక్సీ పెట్టెలో పాత ఐరన్ బాక్సు, కెటిల్ పెట్టెలో ఒట్టి మూత. ఎవరో కస్టమర్ మోసం చేసి పాతది పెట్టి పంపినాడో, మధ్యలో ఎవరైనా మార్చినారో, నాకు తెలిసేదెట్లా? అమ్మినవానికి ఫోన్ చేస్తే, "ఉన్నది ఉన్నట్టు అని రాసి సంతకం పెట్టినారు గదా సార్" అన్నాడు. పెట్టినా. నిజమే.

తర్వాత ఎంఆర్‌పీ బండారం బయటపడింది. పెట్టె మీద 3,375 ఉంటే, అదే వస్తువు కొత్తది ఆన్‌లైన్లో ఆరోజు 1,900కే ఉంది. నేను 2,500 చెప్తే, ఎదురుగా నిల్చున్న అక్క ఫోన్ తీసి చూపించింది. "ఏంనా, కొత్తదే ఇంటికొచ్చి ఇస్తారు 1,900కి, నువ్వు విప్పిందానికి రెండున్నర వేలు అడుగుతావే?" అని. నా దగ్గర జవాబు లేదు.

బాగున్న 17 సగటున 1,450కి అమ్మినా, 24,650. రిపేర్ చేసిన 13 సగటున 900, అంటే 11,700. రిపేర్ ఖర్చు మాత్రం 2,340 అయింది. పది విడిభాగాలకు 1,500. ఆ ఎనిమిదీ పాత సామాన్ల వానికి వేస్తే 600. చేతికొచ్చింది 38,450, అందులో రిపేర్ ఖర్చు తీస్తే 36,110. పెట్టింది 45,600. నష్టం 9,490. దాని మీద అమ్మ గాజులు పెట్టి తెచ్చిన 40,000కి నూటికి రూపాయి వడ్డీ, నాలుగు నెలలు, 1,600. మొత్తం 11,090. నా నాలుగు నెలల కూలి ఇందులో వేయలేదు.

అమ్మ ఏమీ అనలేదు. ఉగాదికి చుట్టాలింటికి పోయేటప్పుడు పిన్ని గాజులు అడిగి వేసుకుని పోయింది. దాని గురించి ఇంతకంటే మాట్లాడలేను.

మా నాయనే ఒక మాట అన్నాడు, కోపంతో కాదు. "ఒరే, మన కాయలు కొనేదానికి సేటు వస్తాడు గదా, వాడు మూట చూసి రేటు కడతాడా?" కట్టడు. మీరూ చూసే ఉంటారు. మూటలోంచి నాలుగు చోట్ల గుప్పెడు తీస్తాడు. పైనుంచి కాదు, చెయ్యి లోపలికి పెట్టి తీస్తాడు. తూకం వేస్తాడు, ఒలుస్తాడు, పప్పు మళ్లీ తూకం వేస్తాడు. పుచ్చులు, నల్లవి పక్కకు తీస్తాడు. నూరు గ్రాముల కాయకు పప్పు ఎంత దిగిందో చూసి అప్పుడు నోరు విప్పుతాడు. మనం వానతో జూదం ఆడేవాళ్లం, సాలుకు 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే నేల మనది, అదీ పడాల్సిన రోజు పడదు. కానీ కొనేవాడు మాత్రం మన దగ్గర జూదం ఆడడు. అదంతా చూస్తూ పెరిగి, నేను పోయి సీల్ వేసిన మూట కొన్నా.

అప్పటినుంచి నాది ఒలిచే లెక్క. ఎట్లంటే, లాటులో పది పెట్టెలు నేను ఏరుకుంటా. వాడు చూపించినవి కాదు, అడుగు వరసలోంచి, మూలల్లోంచి. విప్పి అక్కడే కరెంటు పెట్టి చూస్తా. విప్పనీయకపోతే నమస్తే చెప్పి వచ్చేస్తా. బస్సు చార్జీ పోతుంది, పోనీ. పదిలో 5 బాగున్నాయి, 2 రిపేర్, 3 చెత్త అనుకుందాం. కొత్తది ఆన్‌లైన్లో ఈరోజు 1,900 ఉంటే, విప్పినదానికి 60 శాతమే వేసుకుంటా, 1,140. అయిదింటికి 5,700. రిపేర్‌వి 700కి పోయినా 200 ఖర్చు, మిగిలేది 500, రెండింటికి 1,000. చెత్త మూడుకు 300. మొత్తం 7,000. పీసుకు 700. అందులో బాడిగ, కూలి 75 తీసేయండి, 625. నా కష్టానికి, అమ్మినాక తిరిగొచ్చే వాటికి కలిపి 210 తీసేయండి. 415. అంతే, పీసుకు 415 దాటితే ఆ లాటు నాది కాదు. నేను మొదటిసారి ఎంతిచ్చినా? 42,000ని 48తో భాగించండి. 875.

ఇంకో మార్పు, ఒకే రకం సరుకు కొనడం. రెండో లాటు 20 మిక్సీలే తెచ్చినా, ఒకే మోడల్, పీసు 400, మొత్తం 8,000. ఒకదాని జార్, ఇంకోదాని కప్లర్, మరోదాని కార్బన్ బ్రష్షులు, ఇట్లా ఆరు మిక్సీలు కోసి 14 నిలబెట్టినాం. 1,000 చొప్పున 14,000 వచ్చింది. బాడిగ 1,200, రిపేర్ సామాన్లు 1,800. మిగిలింది 3,000, అయిదు వారాలకు. చిన్న మొత్తం అని నవ్వొచ్చు మీరు. కానీ మిగిలింది. నిజం చెప్పాలంటే ఇది వ్యాపారం పేరుతో చేసే రిపేర్ కూలి. చెయ్యి తిరిగినవానికే గిట్టుబాటు. రిపేర్ రాకపోతే, వచ్చినవాన్ని పక్కన పెట్టుకోకపోతే, దీని జోలికి పోవద్దు.

బట్టలు? అడుగుతారని తెలుసు. మన దగ్గర కష్టం. రాయదుర్గంలో ఇంటింటా జీన్స్ కుడతారు, కొత్త ప్యాంటే టోకున చవకగా దొరికే జిల్లాలో ఎవరో వేసి చూసి పంపిన జీన్స్ ఎవరు కొంటారు? పైగా రిటర్న్ బట్టల్లో సైజులు ఒక వరసలో ఉండవు, అన్నీ చిన్నవి, కాకపోతే అన్నీ పెద్దవి. అందరికీ సరిపోయేవి ఎవరూ వెనక్కి పంపరు గదా.

ఫోన్లు తీసుకుంటే ఒక పని తప్పకుండా చేయండి. *#06# కొడితే ఐఎంఈఐ నంబరు వస్తుంది. మెసేజ్‌లో కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు రాసి 14422కి పంపండి. లేదా సంచార్ సాథీ పోర్టల్‌లో చూడండి. బ్లాక్ అయింది అని వస్తే అది దొంగ ఫోనో, పోగొట్టుకున్నదో అయ్యుండొచ్చు. పాత వాని గూగుల్ ఖాతా లాక్ ఉందేమో కూడా చూడండి. బ్యాటరీ ఉబ్బిన పవర్ బ్యాంక్ ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు, బస్సులో ఎక్కించొద్దు.

బిల్లు. దీని మీద ఒక నిమిషం ఆగుతా. "బిల్లు లేకుంటే ఇంకో అయిదు వేలు తగ్గిస్తా" అంటాడు. ఆ అయిదు వేలు మీకు వద్దు. ఆ సరుకు ఏ గోదాములోంచి ఎత్తుకొచ్చిందో ఎవరికి తెలుసు? దొంగ సరుకని తెలిసి, లేదా తెలుసుకునే అవకాశం ఉండి కొంటే, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద కేసు అవుతుంది. పైగా కర్ణాటక నుంచి మన రాష్ట్రంలోకి 50,000 దాటిన సరుకు వస్తే ఈ-వే బిల్లు ఉండాల. కొడికొండ దాటినాక బండి ఆపి అడిగితే ఏం చూపిస్తారు? జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ సంగతి, ఆంధ్రలో సరుకు అమ్మేవాళ్లకు సాలుకు 40 లక్షల అమ్మకం దాకా అవసరం లేదు, తెలంగాణలో అది 20 లక్షలే. పక్క రాష్ట్రానికి అమ్మితే మాత్రం ఈ లెక్క వర్తించదు. ఒకసారి ఆడిటర్‌ను కలవండి.

ఇంగ నాకు భయం పుట్టించిన విషయం. రిపేర్ చేసిన కెటిల్ ఒకటి మా వీధిలోనే ఒక అక్కకు అమ్మినా. ఇంట్లో ఏడాది పాప. రెండో రోజు తెచ్చి బల్ల మీద పెట్టింది. "అబ్బీ, పట్టుకుంటే జివ్వుమంటోంది" అని. డబ్బు వాపసు ఇచ్చినా, చేతులు వణికినాయి. నేను నీళ్లు మరుగుతున్నాయా అని చూసినా, బాడీకి కరెంటు దిగుతోందా అని చూడలేదు. ఆ రోజు నుంచి ప్రతి లోహపు వస్తువూ సిరీస్ బల్బు పెట్టి చూడందే గడప దాటదు. ఒక కొస ప్లగ్గు పిన్నుకు, ఇంకో కొస బాడీకి. బల్బు రవ్వంత ఎర్రబడినా ఆ వస్తువు చెత్తలోకే. ఇది వీడియో చూసి నేర్చుకోవద్దు, మెకానిక్ పక్కన నాలుగు రోజులు కూర్చోండి. నీళ్లు కాచే రాడ్లు నేను అసలు ముట్టను.

అమ్మేటప్పుడు "ఇది రిటర్న్ సరుకు" అని చెప్పే అమ్మండి, బిల్లు మీద రాయండి. 2019 వినియోగదారుల చట్టంలో పాతదాన్ని, బాగుచేసినదాన్ని కొత్తదని అమ్మడం అక్రమ వ్యాపారం అని నేరుగా రాసి ఉంది. నేను పదిహేను రోజులు నా మాట మీద గ్యారంటీ ఇస్తా. తిరిగొచ్చేవి వస్తాయి, అందుకే ఆ 210 ముందే తీసిపెట్టుకున్నా.

ఇంకొక్కటి. "కస్టమర్ తీసుకోని పార్సిళ్లు, ఏదైనా 199, స్టాకు అయిపోతోంది" అని ఫోన్లో ప్రకటనలు వస్తుంటాయి, పెద్ద కంపెనీల బొమ్మ పెట్టి. లాటుకు అడ్వాన్స్ వేయండి, లారీ రేపు వస్తుంది అని వాట్సాప్‌లో ఫోటోలు పంపేవాళ్లూ ఉన్నారు. సరుకు కంటితో చూడందే రూపాయి పంపొద్దు. పంపేసినారా, సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఎప్పుడు కొనాలి అంటే, దసరా దీపావళి సేల్స్ అయినాక. అప్పుడు జనం కొన్నదంతా తిరిగొస్తుంది, నవంబరు, డిసెంబరుల్లో లాట్లు చానా దిగుతాయి, రేటు మెత్తబడుతుంది. అదే టైముకు మన దగ్గర కాయ అమ్మిన డబ్బు కూడా తిరుగుతుంటుంది, వాన బాగా పడిన సాలైతే. పడని సాలు నేను లాటు సగానికి తగ్గిస్తా. కొనేవాని చేతిలో లేకుంటే మన మిక్సీ ఎంత బాగా తిరిగితే ఏం లాభం?

ఉరవకొండ తమ్మునితో నిన్న మళ్లీ మాట్లాడినా. పోవడం మానుకోలేదు, మానుకోమని నేనూ చెప్పలేదు. గాజులు సోమవారం విడిపిస్తా అన్నాడు. నాయన దగ్గర ఒక అయిదు, స్నేహితుని దగ్గర మూడు, మొత్తం ఎనిమిది వేలతో శుక్రవారం ఇద్దరూ కలిసి పోతున్నారు. స్నేహితునికి మోటారు వైండింగ్ వచ్చు. నా సిరీస్ బల్బు వాళ్లకే ఇచ్చి పంపిస్తున్నా. లాటు దొరికితే తెచ్చి ఇక్కడే, ఇదే బల్ల మీద, మీ ముందే విప్పుదాం. దొరకకపోతే ఉత్త చేతులతో ఎందుకొచ్చినారో వాళ్ల నోటితోనే చెప్పిస్తా. ఉంటానప్పా.